వంకర గడియారం

"ముట్టుకున్నావా, నేదా? అదొక్కటీ సెప్పత్తా!"

మా ఆవిడ ఈశ్వరి గొంతు వీధి చివరిదాకా వినపడేలా ఉంది. ఆదివారం పొద్దున్న మల్కాపురంలో మా వీధి వీధంతా ఇళ్ళల్లోనే ఉంటుంది. ఎదురింటివాళ్ళు టీవీ సౌండు తగ్గించారు కూడా.

"ముట్టుకోనేదే! ఎన్నిసార్లు సెప్పాల నీకు? సేతిలో గుడ్డ ఉంటే నానే ముట్టేసినట్టా?" అని మా అమ్మ గంగాలమ్మ తడిగుడ్డను గాల్లో ఆడించింది.

"రోజూ లెగిసిన కాడ్నించి వంకరగా ఉంది, వంకరగా ఉంది అని నస పెట్టింది ఎవులు?"

"నానే. ఉన్నమాట అన్నాను. వంకరగా ఉన్నదాన్ని వంకరగా ఉందనకపోతే ఏటనాల?"

"అనుకో. ఎంతైనా అనుకో. సెయ్యెయ్యొద్దన్నాను గదా!"

"ఓలమ్మో! ఎయ్యనేదంటే ఇనవేటే!"

హాల్లో గోడ మీద గడియారం ఆగిపోయి ఉంది. లోలకం ఊగడం మానేసి నిలువునా వేలాడుతోంది. అది కృష్ణంరాజు గారి తండ్రి కాలంనాటి గడియారం. రాజు గారు స్టీల్‌ప్లాంట్‌లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇంకో గంటలో వస్తారు. మా గోడ మీద వారంపాటు ఆగకుండా నడిస్తే, వాళ్ళ నాన్నగారు పోగేసిన గడియారాలన్నీ ఒక్కొక్కటే తెచ్చి ఈశ్వరి చేతిలో పెడతానని మాటిచ్చారు. ఈశ్వరి చేతిలో. నా చేతిలో కాదు.

వారం ఇవాళ్టితో పూర్తవుతుంది.

నేను వెనక వరండాలో నా బల్ల దగ్గర కూర్చుని, ఎందుకూ పనికిరాని ఇత్తడి ముక్కను ఆకురాయితో రాస్తున్నాను. చెవులు మాత్రం హాల్లోనే ఉన్నాయి.

ఎందుకంటే, ముట్టుకున్నది నేను.

పొద్దున్నే ఈశ్వరి పాలకి వెళ్ళింది. అమ్మ పెరట్లో కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. నేను గడియారం ముందుకెళ్ళి నిలబడ్డాను. పెట్టె అడుగు భాగాన్ని బొటనవేలితో ఎడమవైపుకి తోశాను. బియ్యపు గింజంత. అంతే. మళ్ళీ వచ్చి పేపరు పట్టుకుని కూర్చున్నాను.

గడియారాల సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. లోలకం అటెంత ఊగితే ఇటూ అంతే ఊగాలి. టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమంగా ఉండాలి. మా ఇంట్లో దాన్ని నడక అంటాం. పెట్టె సరైన చోటునుంచి కాస్త జరిగిందా, నడక కుంటుతుంది. కాసేపు కుంటి, కుంటి, ఆగిపోతుంది. గడియారానికి ఏ హానీ ఉండదు. మళ్ళీ సర్దితే మామూలే. చూశారా, గడియారం మీద నాకెంత దయో! పెళ్ళాం మీదే లేదు.

ఈ గడియారంతో ఇంకో తంటా ఉంది. తిన్నగా తగిలిస్తే నడవదు. లోపల లోలకాన్ని తోసే కమ్మీ ఏ కాలంలోనో వంగిపోయింది. దాన్ని మళ్ళీ వంచబోతే విరుగుతుంది. రాజు గారింట్లో కూడా ఇది ఎప్పుడూ అడుగు ఎడమకి జరిగి, ఒరిగే ఉండేదట. అందుకని ఈశ్వరి చెవి ఆనించి వింటూ, పెట్టెను అటూ ఇటూ జరిపి, నడక కుదిరిన చోట వదిలేసింది. చూసేవాళ్ళకి వంకరగానే ఉంటుంది. మా అమ్మకి నిద్ర పట్టనిది అందుకే.

నాకు నిద్ర పట్టనిది వేరే కారణానికి. నాది కుళ్ళు. దానికి మంచి పేరేదైనా ఉందేమో వెతికాను, దొరకలేదు.

ఈ పాత గడియారాల పిచ్చి నాది. పోర్టు వర్క్‌షాపులో టర్నర్ని. డ్యూటీ దిగి రాగానే బట్టలు కూడా మార్చకుండా ఈ బల్ల దగ్గరే కూర్చునేవాణ్ణి. లోహపు ముక్కల్ని తిప్పి కోసే చిన్న లేతు మిషను ఒకటి నేనే కూర్చుకున్నాను. అరిగిన చక్రం, విరిగిన ఇరుసు, పోయిన ముల్లు, ఏదైనా సరే కొనకుండా నేనే చేసేవాణ్ణి. పెళ్ళైన కొత్తలో ఈశ్వరి ఈ బల్లను సవితి అనేది. "నా కన్నా నీకా తుప్పుముక్కలే ఎక్కువ, దాంతోనే కాపరం సేసుకో," అని అలిగి యారాడలో పుట్టింటికి వెళ్ళిపోయిన రోజులున్నాయి. అలాంటి మనిషి చివరికి ఆ సవితితోనే జట్టు కట్టింది.

మొదట, నా కళ్ళజోడు కనపడక చిన్న మరను బిగించలేక తిట్టుకుంటుంటే, వచ్చి తీసుకుని బిగించింది. నాకు ముచ్చటేసింది. ఆకురాయి ఎలా పట్టాలో చెప్పాను. మణికట్టు ఎంత వంచాలో దగ్గర కూర్చుని చూపించాను. మెచ్చుకున్నాను. నా పక్కన స్టూలేశాను. అన్నీ నేనే చేశాను.

రాజు గారి గడియారం నెలల తరబడి నా బల్ల మీదే పడి ఉంది. లోపల పళ్ళచక్రం అరిగిపోయింది. లేతు మీద రెండు చక్రాలు చేశాను. ఒకటి కుంటింది. రెండోది అసలు కదల్లేదు. మూడోది, నేను డ్యూటీలో ఉండగా, ఆవిడ చేసింది. చేపల వల అల్లేటప్పుడు కన్నులన్నీ ఒక్కలా రావడానికి ఆవిడ పుట్టింట్లో వెదురుబద్ద ఒకటి కొలతకి పెట్టుకుంటారు. అలాంటిదే చిన్నది చెక్కుకుని, దాంతో ఇత్తడి రేకు అంచున గుర్తులు పెట్టి, పళ్ళన్నీ చేత్తో కోసింది.

ఆ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే నాకు టిక్కు టక్కు వినిపించింది. సంతోషించాలి కదా. మొగుణ్ణి, పైగా నేర్పినవాణ్ణి. నవ్వాను కూడా. నవ్వి, అన్నం సహించక కంచం ముందునుంచి లేచిపోయాను.

ఆ తర్వాత నా బావమరిది దొరబాబు వచ్చి, "బావా, ఇంక నువ్ టీ గ్లాసులు కడుక్కో. మెకానిక్కు మా అక్క, హెల్పరు నువ్," అని పొట్ట పట్టుకుని నవ్వాడు. వాడి సరదా వాడిది, పోనీ అనుకున్నాను. కానీ మొన్న ఎవరో కొత్త మనిషి గేటు దగ్గర నిలబడి నన్నే అడిగాడు, "గడియారాల ఈశ్వరమ్మ గారిల్లు ఇదేనాండీ?" అని. ఇల్లు నాది. బల్ల నాది. లేతు నాది. అవునండీ ఇదే అని నేనే గేటు తీశాను. ఒళ్ళు మండిపోయింది.

"ఒరే అర్జునా!" అమ్మ వరండాలోకి వచ్చేసింది. "నువ్వైనా సెప్పరా దానికి. నాను పెరట్లో కులాయి కాడున్నాను. నువ్ సూసినావు గదా."

చూశాను. సబ్బు నురగతో ఉన్న మొహం కూడా చూశాను.

"నాకేటి తెలుసమ్మా. నాను తానం సేత్తన్నాను అప్పుడు," అన్నాను.

అమ్మ చేతిలోని తడిగుడ్డను నేలకేసి కొట్టింది. పొడిగా ఉన్న నా జుట్టును చూసిందో లేదో నాకు తెలీదు. నేను తలెత్తలేదు.

"సరే నాయనా. ఇద్దరూ ఒకటే. నాను కాంతం ఇంటికి ఎల్లిపోతాను. నా కూతురింట్లో గడియారం నేదు, సెల్లులోనే టైం సూసుకుంటారు. అక్కడ నా మీద ఎవులూ నేరాలెయ్యరు."

"ఎల్లు, ఎవులొద్దన్నారు?" హాల్లోంచి ఈశ్వరి.

"ఎల్తాను! నువ్ సెప్పాలేటి?"

అమ్మ నిజంగానే సంచీ తీసి చీరలు కుక్కడం మొదలుపెట్టింది. ఈ వయసులో కోడలి చేత అబద్ధాలకోరు అనిపించుకున్నాక ఉంటుందా? మడత కూడా పెట్టకుండా, చేతికొచ్చిన చీరనల్లా లోపలికి తోస్తోంది. చెప్పెయ్యాలి అనిపించింది. చెబితే గడియారాల ఈశ్వరమ్మ గారు ఇంకా పెద్దదైపోతుంది, నేను ఇంకా చిన్నవాణ్ణైపోతాను. ఆకురాయి పట్టుకుని అలాగే కూర్చున్నాను.

హాల్లో స్టూలు జరిపిన చప్పుడైంది. తలుపులోంచి చూశాను, ఈశ్వరి ఎక్కింది. లోలకాన్ని వేలితో పక్కకి లాగి వదిలింది.

టిక్కు. టక్కు, టిక్కు. టక్కు, టిక్కు.

కుంటినడక వరండాలోకి వినపడుతూనే ఉంది. ఈశ్వరి పెట్టెకి చెవి ఆనించి విన్నది. దిగింది. గుమ్మం దాకా వెనక్కి వెళ్ళి, తల ఒక పక్కకి వాల్చి గడియారాన్ని చూసింది. మళ్ళీ దగ్గరికొచ్చింది. ఈలోగా అది నాలుగడుగులు కుంటి ఆగిపోయింది.

ఈశ్వరి నోరు కూడా ఆగిపోయింది. ఈశ్వరి అరిచినంతసేపూ మా ఇంట్లో ఎవరికీ భయం ఉండదు. నోరు మూసిందంటే మాత్రం అందరం అడుగులు చూసుకుని వేస్తాం.

"అత్తా. ఆ సంచీ ఇలగియ్యి."

"ఇయ్యను."

"ఇయ్యత్తా." సంచీ లాక్కుని, చీరలు తీసి మంచం మీద పెట్టి, ఒక్కొక్కటే మడతేసింది. "తప్పయిపోయింది. నువ్ కాదు."

"ఇప్పుడు తెలిసిందేటి? ఎలగ తెలిసింది?"

"నువ్వైతే తిన్నగా పెడతావు. తిన్నగా నేదనే గదా నీ బాద. ఇదేటి, తిన్నగా ఉందా? ఇంకా ఒరిగిపోయింది. బియ్యపు గింజంత."

నా చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

"అయితే పిల్లి తన్నేసుంటాది," అంది అమ్మ.

"పిల్లికి నడక తెలీదత్తా. ఇది నడక తెలిసినోల్ల పని."

నా తెలివి తగలెయ్యా! తిన్నగా పెట్టేసి ఊరుకుంటే సరిపోయేది. నేరం అమ్మ మీదికే పోయేది, నూరేళ్ళయినా బయటపడేది కాదు. కానీ తిన్నగా పెడితే పాలు తెస్తూ గుమ్మంలోంచే కనిపెట్టేస్తుందని, ఒరిగినదాన్నే ఇంకాస్త ఒరిగించాను. గడియారాల సంగతి తెలియనివాడెవడూ అలా చెయ్యడు. తెలిసినవాళ్ళం ఈ ఇంట్లో ఇద్దరమే ఉన్నాం.

ఈశ్వరి నావైపు చూడలేదు. తిట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టి, అమ్మకి ఒక గ్లాసిచ్చి, నా గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"రాజు గారొచ్చే ఏలయ్యింది," అన్నాను నేలచూపులు చూస్తూ. "సర్దవా?"

"సర్దను."

"ఏటి?"

"కదిపినోల్లే సర్దుకుంటారు. టీ సల్లారిపోద్ది, తాగు."

అంతే అంది. వెళ్ళి గుమ్మం ముందు నీళ్ళు చల్లడం మొదలుపెట్టింది.

టీ తాగలేకపోయాను. లేచి హాల్లోకి వచ్చాను. పెట్టెను కుడివైపుకి బియ్యపు గింజంత తోస్తే చాలు, లోలకాన్ని ఒకసారి కదిపితే చాలు. వేలు పెట్టి తీసేంత పని. కానీ అమ్మ సరిగ్గా గడియారానికి ఎదురుగా మంచం మీద కూర్చుని, పళ్ళెంలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. చెయ్యెత్తితే ఆవిడకి తెలిసిపోతుంది. సంచీ సర్దుకున్న ఆ చేతుల ముందు నా చెయ్యి లేవలేదు.

"ఏట్రా, అలగ నిల్సున్నావు?"

"ఏటీ నేదు."

"ఏటీ నేకపోతే కూకో."

కూర్చోలేదు. నిలబడే ఉన్నాను. అలా ఎంతసేపు నిలబడ్డానో, బయట కారు ఆగిన చప్పుడైంది.

కృష్ణంరాజు గారు దుప్పటిలో చుట్టిన మూటను చంటిపిల్లలా పట్టుకుని లోపలికొచ్చారు. "ఏవండీ ఈశ్వరమ్మ గారూ! ఆగలేకపోయానండి. మీ మీద నమ్మకంతో రెండోది కూడా వెంట తెచ్చేశాను. మా నాన్నగారు దీనికి రోజూ పూజకి ముందు కీ ఇచ్చేవారండి, ఇంకెవర్నీ..."

గోడవైపు చూశారు. మాట సగంలో ఉండిపోయింది.

"ఆగిపోయిందేంటండీ?"

"ఆగిపోయిందండి," అంది ఈశ్వరి.

"అయ్యో. ఏమైందమ్మా?"

ఈశ్వరి కొంగుతో చేతులు తుడుచుకుంది. అప్పుడు నావైపు చూసింది, పొద్దున్నించీ మొదటిసారి.

"మా ఆయన్నడగండి. నాకు నేర్పినోరు ఆయన. ఆయన సెప్తారు."

దారి ఇచ్చింది. ఇంతకన్నా ఎవరిస్తారు? 'పెట్టె కాస్త జరిగిందండి, సర్దుతాను' అంటే అయిపోయేది. ఎవరు జరిపారని రాజు గారు అడిగే మనిషి కాదు. అమ్మకి తెలిసేది కాదు. మాట నాలుక చివరికి వచ్చింది కూడా.

కానీ రాజు గారు నావైపు తిరగలేదు. ఆ మూటను ఇంకా ఆవిడవైపే పట్టుకుని ఉన్నారు. నేను గోడకి తగిలించిన క్యాలెండరులాగా ఉన్నాను ఆయనకి. నా ఇంట్లో.

"చక్రంలో లోపమండి," అన్నాను.

అమ్మ బియ్యం ఏరడం ఆపింది.

"లేతు మీద చేసింది కాదు గదండి. చేత్తో కోసిన చక్రం. పళ్ళు సమంగా రావు. నాలుగు రోజులు నడిచినట్టే ఉంటుంది, తర్వాత ఇదిగో, ఇలాగే. నేను ముందే చెబుదామనుకున్నాను, ఆడమనిషి ముచ్చటపడిందని ఊరుకున్నాను."

ఒక్క మాట అందామనుకుంటే ఇన్ని మాటలొచ్చాయి. ఎప్పట్నించి లోపల పేర్చి పెట్టుకున్నానో!

రాజు గారు ఈశ్వరిని చూశారు. ఆవిడ ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశారు. ఆయన ఇబ్బందిగా మూటను నావైపు తిప్పారు. "అంతేనంటారా. అయితే మరి, మీరే చూడండి అర్జునరావు గారూ. మిగతావి కూడా..."

మూట నా చేతుల్లోకి వచ్చింది. బరువుగా ఉంది. నాకు సంతోషం వేసింది, అబద్ధమెందుకు. గుండెల నిండా వేసింది.

ఈశ్వరి వరండాలోకి వెళ్ళి స్క్రూడ్రైవరూ, టార్చీ, కంటికి పెట్టుకునే నా భూతద్దం తెచ్చింది. స్టూలెక్కి, ముళ్ళు తీసి, డయల్ మరలు విప్పి, డయల్ కిందికి దించి అమ్మ పక్కన మంచం మీద పెట్టింది. లోపల ముందువైపునే ఉంది ఆవిడ కోసిన పళ్ళచక్రం. టార్చి వేస్తే పచ్చగా మెరిసింది. ఆవిడ స్టూలు దిగి, నా చేతుల్లోంచి మూట తీసి హాల్లో మూలనున్న చిన్న బల్ల మీద పెట్టి, భూతద్దం నా చేతిలో ఉంచింది.

"లోపం ఏ పంట్లో ఉందో సూపించు మావా."

"ఇప్పుడెందుకు అదంతా? తర్వాత..."

"ఇప్పుడే. రాజు గారు కూడా సూత్తారు. నాను నేర్సుకోవాల గదా."

స్టూలెక్కాను. భూతద్దం కంటికి పెట్టుకున్నాను. చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పాను. ఒక్కో పన్నూ కంటి ముందుకి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ నేను దాన్ని ఇంత దగ్గరగా చూడలేదు. చూడడానికి మనసొప్పలేదు. మొనలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి, ఒకే వాలులో ఉన్నాయి. ఒక్కచోట ఆకురాయి జారలేదు, ఒక్కచోట తొందరపడలేదు. పళ్ళ మొదలు దగ్గర మూలలు ఎంత శుభ్రంగా తీసిందంటే, తిప్పిన చక్రాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. నా చేతులు ఎన్నడూ చెయ్యలేదు ఇలాంటిది. ఇంక చెయ్యవు కూడా.

"దొరికిందేటి?" అడిగింది ఈశ్వరి.

కిందికి చూశాను. రాజు గారు మెడ పైకెత్తి చూస్తున్నారు. అమ్మ చూస్తోంది.

"ఇది," అన్నాను. ఏదో ఒక పన్ను మీద వేలు పెట్టాను.

"ఇదేనా? సరిగ్గా సూసినావా?"

"ఇదే."

"సరే. దిగు."

దిగాను. నేను దిగేసరికి ఆవిడ చేతిలో సన్నటి ఆకురాయి ఉంది, నా బల్ల మీదిదే. స్టూలెక్కింది. నేను చూపించిన పన్నును వెతుక్కుని, ఎడమచేతి వేళ్ళతో చక్రాన్ని కదలకుండా పట్టుకుని, ఆకురాయి అంచును ఆ పంటి మొదట్లో ఆనించింది.

"ఏం చేస్తున్నారమ్మా?" రాజు గారు కంగారుగా ముందుకొచ్చారు.

"లోపమున్న పన్ను ఉంచకూడదండి. కోసెయ్యాల. మా ఆయనే నేర్పినారు."

ఒక్క గీతకి చక్రం మొత్తం పోతుంది. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ చక్రాన్ని చూడడం లేదు. తల తిప్పి, పై నుంచి నన్ను చూస్తోంది. కళ్ళల్లో నీళ్ళు లేవు, కోపం కూడా లేదు.

బెదిరింపు అనుకున్నాను. చెయ్యదు, ఎలా చేస్తుంది అనుకున్నాను. అప్పుడు ఆవిడ మణికట్టు కిందికి వంగింది. ఆకురాయి కోతకి దిగే ముందు మణికట్టు ఎలా వంగాలో, ఎంత వంగాలో, పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది నేనే. అది బెదిరించే చెయ్యి కాదు. కోసే చెయ్యి.

"ఒద్దు!"

నేను అనలేదు, నోరే అనేసింది. ఒక్క ఊపులో వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను. స్టూలు ఊగింది. భూతద్దం కింద పడి మంచం కిందికి దొర్లిపోయింది. ఆకురాయి పంటికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. రెండు చేతులతో ఆ మణికట్టును పట్టుకుని నిలబడ్డాను. వదలమన్నా నా వేళ్ళు వదిలేలా లేవు.

ఈశ్వరి చెయ్యి లాక్కోలేదు. రాజు గారు ఒకసారి నన్నూ, ఒకసారి చక్రాన్నీ చూసి, ఆ చిన్న బల్ల దగ్గరికి వెళ్ళి, తన మూట మీద మెల్లగా చెయ్యి వేశారు.

అమ్మ బియ్యం పళ్ళెం పక్కన పెట్టి లేచింది. వచ్చి నా ముందు నిలబడింది. నా పొడి జుట్టును చూసింది, తర్వాత నా మొహంలోకి చూసింది.

"లోపమన్నావు గదరా," అంది. "మరెందుకు ఒద్దు?"